శుక్రవారం మాత్రం పోవద్దండి: మా తిరుచానూరు పిండి మర

మా పిండి మరకు ఎవరో పుణ్యాత్ముడు ఫోన్‌లో రెండు స్టార్లు ఇచ్చి పోయినాడు. బండి పెట్టుకునేదానికి చోటు లేదంట, మధ్యాహ్నం మూసేస్తారంట, తిరుపతి శివారులో ఇంతకంటే ఏముంటుందిలే అంట. మా వాడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి చదివి వినిపించినాడు. మొదటి రెండూ నిజమే కాబట్టి నాకేం కోపం రాలేదు. మూడోదానికి వచ్చింది. శివారంట!

నేను 1984లో పెళ్ళయి చంద్రగిరి పక్క పల్లె నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చినా. వచ్చిన మూడో రోజే మా అత్త ఒక గంపలో రాగులు పెట్టి, పైన పాత చీర ముక్క కప్పి, మరకు పంపించింది. అప్పటినుంచి అక్కడే ఆడిస్తా ఉండా. కాబట్టి ఈ మర గురించి రాసే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటా.

ముందు దారి చెప్తా. అమ్మవారి గుడి దగ్గర దిగి జోగిమల్లవరం వైపు నడవండి, పది నిమిషాలు. బోర్డు కోసం వెతకొద్దు, లేదు. ఒకప్పుడు రేకు బోర్డు ఉండేది, ఏదో గాలివానకు పోయింది, మళ్ళీ పెట్టలేదు. గోడ మీద నీలం రంగుతో రాసిన అక్షరాలు సగం రాలిపోయినాయి. చివర "చిత్తూరు జిల్లా" అన్నది మాత్రం ఇంకా చదవొచ్చు. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది తిరుపతి జిల్లా కదా, చెరిపించి మార్చుకోరాదా అని అడిగితే మరాయన, "చెరిపితే గోడ కూడా వచ్చేస్తాది అక్కా" అన్నాడు. అది కూడా నిజమే. అయినా దారి కనుక్కోవడానికి బోర్డు ఎందుకు? ఉదయం పూట మీ ముక్కే తీసుకుపోతుంది. వేడి పిండి వాసన ఆ మలుపు దగ్గరే తగుల్తుంది. పదకొండు దాటితే మిరపకాయల ఘాటుకు తుమ్ములు మొదలవుతాయి.

శివారు సంగతి ఇక్కడే తేల్చేస్తా, ఆ తర్వాత పిండి గురించి మాట్లాడుకుందాం. మా ఆయన దేవస్థానంలో పనిచేసి రిటైరయినాడు. ఆయనకు శాసనాల పిచ్చి. పెళ్ళయిన కొత్తలో సినిమాకు తీసుకుపోతాడేమో అని చూస్తే జోగిమల్లవరంలో పరాశరేశ్వరస్వామి గుడి గోడలు చూపించినాడు. చోళుల కాలం నాటి రాతలు, తమిళ అక్షరాలు, నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇన్నేళ్ళు విని విని నాకూ కొంత పట్టుబడింది. తిరుపతికి నడిబొడ్డు గోవిందరాజస్వామి గుడి. దాన్ని రామానుజాచార్యులు 1130లో నిలబెట్టినారు, ఆ గుడి చుట్టూ ఇళ్ళు లేచి ఊరయింది. మా తిరుచానూరు పేరు అంతకు మూడు వందల ఏళ్ళ ముందే, పల్లవ దంతివిక్రముడి కాలంలోనే రాతికెక్కింది. ఆ శాసనంలో ఊరి పేరు తిరుచ్చొగినూరు. ఇక్కడి తిరువిలన్‌కోయిల్లో దేవుడికి దీపం పెట్టేదానికి దానం ఇచ్చినట్టు అందులో ఉందని మా ఆయన చెప్తాడు. కొండ మీదికి అడవిలో పడి పోలేనివాళ్ళకు కింద ఈ ఊళ్ళోనే ఆ కోవెల ఉండేదంట. శుకమహర్షి ఉన్న ఊరు కాబట్టి శుకనూరు, తిరుశుకనూరు, తిరుచానూరు అని గుడి దగ్గర చెప్పే కథ వేరే ఉంది. ఏ కథ తీసుకున్నా ఊరు పాతదే. ఆ లెక్కన ఎవరికి ఎవరు శివారో స్టార్లు ఇచ్చినాయనే చెప్పాలి.

ఇంకొక మాట, ఇన్నేళ్ళూ మాది పంచాయతీనే. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చినా, అపార్టుమెంట్లు లేచినా, తిరుచానూరు రోడ్డు పొడుగునా పెద్ద పెద్ద హోటళ్ళు వచ్చినా, శిల్పారామం వచ్చినా, మాకు సర్పంచి పాలనే నడిచింది. నేను వచ్చినప్పుడు తిరుపతికీ మాకూ నడుమ వరి మళ్ళు, చెరుకు తోటలు కనబడేవి. ఇప్పుడు ఐదు కిలోమీటర్లూ ఒకే అంగడి వీధిలాగా ఉంటుంది, ఎక్కడ తిరుపతి అయిపోయిందో ఎక్కడ మేము మొదలయినామో షేర్ ఆటో అబ్బాయికి కూడా తెలియదు.

సరే, మర.

లోపల రెండు మిషన్లు. ఒకటి రాతి మర, పది హెచ్‌పీ మోటారు, పొడుగు బెల్టు. రెండోది మిరపకాయలకు, పసుపుకు. ఈ రెంటినీ వేరుగా పెట్టినాడు చూడండి, అదే ఈ అంగడికి నేను ఇచ్చే మొదటి మార్కు. ఈమధ్య వచ్చిన కొన్ని చోట్ల ఒకే మిషన్లో జల్లెడ మార్చి అన్నీ లాగించేస్తారు. ఇక్కడా ఒకప్పుడు ఒకటే ఉండేది లెండి. రెండోది ఎందుకు వచ్చిందో దాని వెనక నా గొడవ ఉంది, చెప్తా.

రాగులు ఆడించేదానికి ఈ చుట్టుపక్కల దీన్ని మించిన మర లేదు. ఇది నా తీర్పు, ఎవరైనా కాదంటే వాళ్ళ ఇంటి సంగటి తిన్నాకే మాట్లాడతా. రాయి కొత్తగా కక్కు కొట్టినప్పుడు, అంటే ఉలితో గరుకు చేసినప్పుడు, ఒకలాగా, అరిగినాక ఒకలాగా పిండి వస్తుంది. మరాయన మిషను మీదున్న చక్రం తిప్పుతా చెవితో వింటాడు. రాళ్ళ సద్దు గరగర నుంచి సన్నగా మారేదాకా బిగించి, కింద గుడ్డ తొడుగులోంచి రాలే పిండి ఒక చిటికెడు తీసి బొటనవేలితో రుద్ది చూస్తాడు. ఆ చిటికెడు కిందపడేయడు, మళ్ళీ నా డబ్బాలోనే వేస్తాడు. వాళ్ళ నాయన కూడా అంతే చేసేవాడు. పెద్దాయన పోయి చాన్నాళ్ళయింది గానీ ఆ బొటనవేలు మాత్రం కొడుక్కి వచ్చింది.

సంగటికి పిండి ఒక్కటే చాలదు, బియ్యం నూక కావాలి. నూక అడిగితే కొన్ని మరల్లో మొహం చిట్లిస్తారు, రాయి ఎడం చేయాలి, మళ్ళీ బిగించాలి, పని. ఇక్కడ మీరు అడగనవసరం లేదు. రాగులతో పాటు ఒక సంచిలో బియ్యం కనబడితే "నూకేనా అక్కా, పిండా?" అని వాడే అడుగుతాడు. నూక కూడా రవ్వలాగా ఒకే తీరుగా పడుతుంది. దుమ్ములాగా కొంత, గింజలాగా కొంత పడదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. పిండి మరలోంచి వేడిగా వస్తుంది, చెయ్యి పెట్టలేనంత. ఆ వేడి మీదనే డబ్బాకు మూత బిగించి ఇంటికి తీసుకుపోయి అట్లనే పెట్టేస్తే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, వారానికి పురుగు. ఇంటికి పోగానే పేపరు మీద పరిచి ఆరనివ్వాలి. మరాయన ఈ మాట అందరికీ చెప్తాడు, ఎవరూ వినరు, వారం తర్వాత వచ్చి నీ పిండి చెడిపోయిందని వాడితోనే కొట్లాడతారు. రెండు స్టార్లాయన కూడా అదే బాపతేమో.

ఇప్పుడు నా గొడవ. మా మనవడికి ఆరో నెల. మొలకెత్తించిన రాగులు నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, రెండు కిలోలు తీసుకుపోయినా. అప్పుడు ఉన్నది ఒకటే మిషను. నా ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకుని పోయినారు. కుర్రోడు ఒకడు పనికుండేవాడు, రాయి కడిగేదానికి గుప్పెడు బియ్యం కూడా వేయకుండా నా రాగులు పోసేసినాడు. నేను చూసుకోలేదు, పక్కామెతో మాటల్లో ఉండా. ఇంట్లో జావ కాచి చెంచాతో పెట్టినాక ఆ పసిబిడ్డ ఏడిచిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ సాయంత్రం పోయి నేను మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను. మరాయన ఎదురు చెప్పలేదు. డబ్బులు తిరిగిచ్చినాడు, మూడు రోజులకు తానే రెండు కిలోల రాగులు మొలక కట్టి ఇంటికి తెచ్చిచ్చినాడు. నేను ఆరు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. తిరుపతిలో వేరే చోటికి పోయినా, అక్కడ పిండి వస్తే వచ్చింది గానీ నూక రాలేదు. ఆ తర్వాత ఎవరో చెప్పినారు, మరాయన అప్పు చేసి కారం మిషను తెచ్చినాడని. పోయి చూసినా. మేమిద్దరం ఆ విషయం ఎత్తలేదు. "సంగటికా అక్కా?" అన్నాడు. అవునన్నా.

ఇంత జరిగినాక కూడా మీకు చెప్పేది ఏమంటే, పసిపిల్లలకు ఆడించేదుంటే ఉదయం పూటే పోండి, మొదటి గుప్పెడు పక్కన పెట్టించుకోండి. ఎంత మంచి మరైనా రాళ్ళ నడుమ ముందువాళ్ళది కొంచెం మిగిలే ఉంటుంది.

ఈ మరకు ఒక వరస ఉంది, అది తెలియకపోతే మీకు చిరాకే మిగుల్తుంది. తెల్లవారి ఆరింటికి బియ్యం. పెద్దాయన కాలంలో గుడికి సంబంధించిన ఇళ్ళవాళ్ళు మడి బియ్యం పంపించేవాళ్ళు, రాత్రి కడిగి ఆరబెట్టిన రాయి మీద అవే ముందు పడాలి. ఇప్పుడు ఆ ఇళ్ళలో మిక్సీలు వచ్చినాయి, ఒకరో ఇద్దరో వస్తారు. వరస మాత్రం అట్లనే ఉంది. బియ్యం అయినాక రాగులు, జొన్నలు, సజ్జలు. తర్వాత గోధుమలు. పదకొండుకు కారం మిషను మొదలు. ఒంటిగంటకు షట్టరు. మళ్ళీ నాలుగున్నరకు. శీకాయ మాత్రం శనివారం సాయంత్రం, అన్నిటికంటే చివర, ఎందుకంటే ఆ తర్వాత మిషను కడగడానికి ఆదివారం పొద్దున కావాలి. శీకాయతో పాటు మెంతులు, ఎండబెట్టిన మందారాలు కలిపి తీసుకుపోయేవాళ్ళుంటే ముందే విడిగా తూకం వేయించుకోండి.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో వరసలో నిలబడితే ఊరంతా అర్థమయ్యేది. ముండ్లపూడి వైపు నుంచి, తనపల్లి వైపు నుంచి ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. శుక్రవారం అయితే రెండు పనులూ ఒకేసారి. గంప మర దగ్గర దించి, పుష్కరిణిలో కాళ్ళు కడుక్కుని, అమ్మవారిని చూసుకుని వచ్చేసరికి పిండి తయారు. వరసలో పెళ్ళి సంబంధాలు కుదిరినాయి, చీటీలు నడిచినాయి, ఒకసారి జుట్లు పట్టుకోవడం కూడా జరిగింది. మా ఆడబిడ్డకు సంబంధం ఆ బెంచీ మీదే మాట వచ్చింది. ఆ బెంచీ ఇంకా ఉంది, ఒక కాలు కింద ఇటుక పెట్టుకుని.

ఇప్పుడు వరస వేరే. లాడ్జీ వంటమనిషి ముప్పై కిలోల గోధుమలతో స్కూటరు మీద వస్తాడు. ఉత్తరాది యాత్రికులకు చపాతీలు లేకపోతే కుదరదు. బిల్డింగు పనులకు ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చిన పిల్లోళ్ళు నలుగురు కలిసి ఐదు కిలోలు కొనుక్కొచ్చి "భయ్యా, మోటా" అంటారు. మరాయనకు మోటా అంటే ఏమో అర్థమయింది. అపార్టుమెంట్ల నుంచి వచ్చే అమ్మాయిలు తొమ్మిది రకాల గింజలు ఒకే డబ్బాలో పోసి తెస్తారు, అందులో సోయా కూడా ఉంటుంది, అవిసెలు కూడా ఉంటాయి. అవిసెలకు నూనె ఎక్కువ, రాయికి అంటుకుపోతుంది. మరాయన ఆ డబ్బా చూస్తే నా వైపు ఒక చూపు చూస్తాడు. తమిళంలో మాట్లాడేవాళ్ళతో తమిళంలోనే మాట్లాడతాడు, అది మా ఊళ్ళో కొత్తేమీ కాదు, ఆ శాసనాల కాలం నుంచి ఉన్నదే.

గోధుమల దగ్గర నాకు ఈ మర మీద మంచి మాట లేదు. పిండి ముతకగా వస్తుంది, చపాతీ మందపు రొట్టెలాగా అయిపోతుంది. రాయి రాగులకు తగ్గట్టు కొట్టించినదాయె. చపాతీ మెత్తగా కావాలంటే వేరే చోటు చూసుకోండి. సంక్రాంతి ముందు అరిసెలకు తడిబియ్యం తీసుకుపోయినా నిరాశే. రాయి పట్టేస్తుందని ఒప్పుకోడు, ఎంత బతిమాలినా ఒప్పుకోడు, అత్తగారి ఇంటివాళ్ళు వచ్చినా ఒప్పుకోలేదు.

ధరలు మామూలే. రాగులు కిలోకు పది, కారం కిలోకు ముప్పై, నూకకు రెండు రూపాయలు ఎక్కువ. ఫోన్‌తో కూడా కట్టొచ్చు. స్కాన్ చేసే కాగితం స్తంభానికి అంటించినాడు గానీ పిండి దుమ్ముకు తెల్లగా అయిపోయి ఫోన్ దాన్ని చదవదు. చీర కొంగుతో ఒకసారి తుడవాల్సిందే.

2021 నవంబరు వానలు గుర్తున్నాయా? స్వర్ణముఖి ఎప్పుడూ ఇసకే. ఏట్లో నీళ్ళు చూడాలంటే చెలమ తవ్వాల్సిన ఏరు. అలాంటిది ఆ వారం గుండె ఝల్లుమనేలా పారింది. మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. మరలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చినాయి. నీళ్ళు గడప దాటకముందే మరాయన మోటారు విప్పి అటక మీదికి ఎక్కించినాడు గానీ, ఆడించేదానికి జనం వదిలిపెట్టి పోయిన సంచులు కొన్ని తడిసినాయి. ఎవరి సంచి ఎవరిదో అతనికి తెలుసు. కరెంటు వచ్చినాక ఒక్కొక్కరి ఇంటికీ పోయి ఎన్ని కిలోలని అడిగి కట్టినాడు. మా ఇంటికీ వచ్చినాడు. మావి నాలుగు కిలోల సజ్జలు. వద్దన్నా. "వద్దంటే నాకు లెక్క తప్పుతాది అక్కా" అని గట్టు మీద డబ్బులు పెట్టి పోయినాడు.

కార్తీక మాసంలో పోయేవాళ్ళకు ఒక హెచ్చరిక. అమ్మవారి బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, ఏనుగు బొమ్మ ధ్వజం ఎగరేసిన రోజు నుంచి మా వీధుల్లో వాహనం కదలదు. ఐదో రాత్రి గజవాహనం, కొండ మీద గరుడసేవ ఎంతో ఇక్కడ అదంత. చివరి రోజు పంచమి తీర్థం, కొండ మీద నుంచి పసుపు, చీర, సారె వస్తాయి, పద్మసరోవరంలో మునిగేదానికి లక్షల మంది వస్తారు. ఆ రోజు మర తెరిచే ఉంటుంది గానీ మీరు చేరుకోలేరు. తెరిచి ఉండేది ఎందుకంటే, ముందు వారం నుంచీ మాకు బంధువులు. ఇంటికి పదిమంది, ఇరవైమంది. మురుకుల పిండి, సాంబారు పొడి, చారుపొడి, మరకు ఊపిరాడదు. మామూలు శుక్రవారాలు కూడా అంతే, చిన్న ఎత్తున. పొద్దున గుడికి పోయే బండ్లన్నీ మర ముందే నిలుపుతారు, షట్టరు సగం మూసుకుపోతుంది. మన స్టార్లాయన తప్పకుండా శుక్రవారమే వచ్చి ఉంటాడు.

ఎండాకాలంలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ముందు వారం కూడా రద్దీనే. అంబలికి రాగులు అప్పుడు ఎక్కువ పడతాయి. ఆ వారం మరాయన గోధుమలు తీసుకోడు. మా ఆయన అంటాడు, ఈ మర పంచాంగం చూసుకోకుండానే తిథి చెప్తుందని. ఆయన అన్నీ అట్లనే అంటాడు.

నేను నాలుగు ఇస్తా. గోధుమలకు ఒకటి తగ్గించినా. మనవడి సంగతికి తగ్గించలేదు, అది మాకూ వాడికీ నడుమ తీరిపోయింది.

పోయేముందు ఒక మాట. వచ్చే మంగళ, బుధవారాలు మర మూత. రాళ్ళకు కక్కు కొట్టే ముసలాయన పుత్తూరు నుంచి వస్తాడు. ఏడాదికి రెండుసార్లే వస్తాడు, ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు ఆయన తప్ప ఈ పక్క దొరకడం లేదంట. గురువారం ఉదయం మొదటి రెండు గంటలూ పోవద్దు, పిండిలో రాయి నలుసు వస్తుంది. ఆ రెండు గంటలూ మరాయన తన సొంత బియ్యం పోసి ఆడించి ఆవులకు పెడతాడు. ఎనిమిదిన్నర తర్వాత పోండి. డబ్బా మీద మీ పేరు రాసి పెట్టండి, లేకపోతే సాయంత్రానికి స్టీలు డబ్బాలన్నీ ఒకటిగానే కనబడతాయి. మా డబ్బా మూత మీద సొట్ట ఉంటుంది, దాన్ని మాత్రం ఎత్తుకుపోవద్దండి.